ఐదుకు ముందున్న గీత

తన పనిలో ఎవరో చెయ్యి పెడుతున్నారని ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది ఒక మంగళవారం ఉదయం.

ఆమె ఒక సరుకు రవాణా కంపెనీలో ప్లానింగ్ మేనేజరు. ఓడలకెక్కే చల్లని కంటైనర్లన్నీ ఆమె బాధ్యత. ఏ పెట్టెలో ఏ సరుకు, ఏ ఓడలో, ఏ రేవుకు, లోపల ఎంత చల్లదనం ఉండాలి, ఇవన్నీ కంప్యూటరులో ఎక్కించి ఖాయం చేయాలి. చేపలకు మైనస్ డిగ్రీలు, పళ్ళకు ఇంకో లెక్క, ఇంజెక్షన్ మందులకు ప్లస్ ఐదు. మందులు చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు. గడ్డకడితే పారబోసుకోవడమే. అంతకుముందు ఈ పని ముగ్గురు చేసేవారు. ఒకరు మానేశారు, ఇంకొకరిని వేరే శాఖకు మార్చారు. వాళ్ళ కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. వాళ్ళ పని మాత్రం వచ్చి ఆమె బల్ల మీద కూర్చుంది.

ఓడలకు రాత్రీ పగలూ ఉండవు. ఫోను తలగడ పక్కనే పెట్టుకుని పడుకునేది. కన్ను మూతపడే వేళకి అది గిజగిజలాడేది. చాలాసార్లు డైరెక్టరుగారి దగ్గర నుంచే. 'అర్జెంటు కాదు, వీలున్నప్పుడు చూడండి' అని రాసేవాడాయన. పొద్దున్నే 'ఏమైంది?' అని ఇంకోటి వచ్చేది. అందుకని ఆమె అప్పుడే లేచి చూసేది. చూశాక నిద్ర రాదు. వచ్చినా అందులోకి కంటైనర్లే వచ్చేవి.

ఆ మంగళవారం ఒక బుకింగ్ తెరిచి చూస్తే, అడుగున 'చివరిగా మార్చినవారు' అన్నచోట తన పేరు లేదు. తన అసిస్టెంటు పేరుంది. ఏం మార్చాడో ఆ కంప్యూటరు చెప్పదు, ఎవరు మార్చారో మాత్రమే చెబుతుంది. ఇంకోటి తెరిచింది. అతని పేరే. మూడోదీ అంతే. అన్నీ తెల్లవారుజామున, ఆఫీసులో ఈగ కూడా లేని వేళ మార్చినవే.

అసిస్టెంటును ఆఫీసులో అందరూ 'పిల్లి' అనేవారు. మనిషి పొట్టి, గొంతు చిన్నది, నడిస్తే చప్పుడుండదు. వెనక్కి తిరిగేసరికి పక్కన నిలబడి ఉంటాడు. ఎవరితోనూ గొడవ పెట్టుకోడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. ఇన్నాళ్ళూ ఆమెకు అది మంచితనంగా కనిపించింది. ఇప్పుడు అదే నచ్చలేదు.

"పొద్దున్నే వస్తున్నారా ఈమధ్య?" అని మామూలుగా అడిగినట్టే అడిగింది.

అతను నీళ్ళు నమిలాడు. "ట్రాఫిక్ ఉండదు కదా మేడమ్."

"వచ్చి ఏం చేస్తుంటారు?"

"ఏముంది మేడమ్, నా పనే."

నా బుకింగులు నీ పనెప్పుడయ్యాయి అని అడగబోయి ఆగింది. అడిగితే జాగ్రత్తపడతాడు. పట్టుకోవాలంటే పట్టుకునేదాకా తెలియనట్టే ఉండాలి.

ఆ రోజు నుంచి కళ్ళన్నీ అతని మీదే. అతను డైరెక్టరు గది వైపు వెళ్తే ఎందుకు వెళ్ళాడో అనిపించేది. టీ తాగే గదిలోకి ఆమె అడుగు పెడితే చెవులు కొరుక్కుంటున్నవాళ్ళు ఠక్కున ఆగిపోయేవారు. "ఏంటి విశేషాలు?" అంటే "ఏం లేదు మేడమ్" అని కప్పులు కడుక్కోవడం మొదలుపెట్టేవారు. ఒకమ్మాయి మాత్రం జాలిగా చూసింది. ఆ జాలి ఆమెకు అస్సలు మింగుడుపడలేదు. తన కుర్చీకి ఎసరు పెడుతున్నారని, అది తనకు తప్ప అందరికీ తెలుసని నిశ్చయించుకుంది.

ఇంటి దగ్గర ఇంకో సంగతి జరిగింది.

భర్త హైస్కూల్లో లెక్కల మాస్టారు. గొంతెత్తడు, కోపం వస్తే వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు సర్దుతాడు. ఆదివారం మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు సోఫా మీదున్న ఆయన ఫోను మోగింది. ఎవరా అని చూసింది. తెర మీద పిల్లి అసలు పేరు.

వీళ్ళిద్దరూ కలిసింది ఒక్కసారే, ఆఫీసు వార్షికోత్సవంలో. అప్పుడు కూడా భోజనం ప్లేట్లు పట్టుకుని ఎండల గురించి మాట్లాడుకున్నారు. అలాంటి మనిషి ఆదివారం పూట ఈయనకెందుకు ఫోన్ చేస్తాడు?

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, ఫోను చూసుకుని, మాట్లాడకుండా బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. అద్దంలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. మాట వినపడదు. తల మాత్రం ఊపుతున్నాడు.

"ఎవరండీ?" అంది, లోపలికి రాగానే.

"స్కూలువాళ్ళు. పరీక్షల డ్యూటీ."

ఆయన అబద్ధం చెప్పడం ఆమె అంతకుముందు చూడలేదు. ఎంత తేలిగ్గా చెప్పాడో! ఆ రాత్రి ఆయన వేడి పాలు తెచ్చి "తాగి పడుకో" అంటే, గ్లాసు వంక చూసి, ఆయన వంక చూసి, ఆయన అటు తిరిగాక సింకులో పోసేసింది.

మర్నాడు లంచ్ టైములో కారు పార్కింగులో కూర్చుని అక్కకు ఫోన్ చేసింది.

"నీ అసిస్టెంటుకి మీ ఆయనతో ఏం పనే?" అంది అక్క.

"అదే నాకూ అర్థం కావట్లేదు."

"ఇద్దరూ కలిసి వ్యాపారమేదైనా పెడుతున్నారేమో."

"మా ఆయనా? ఆయన కూరగాయలే బేరమాడలేడక్కా."

"సరే గానీ, నువ్వు సరిగ్గా తింటున్నావా? గొంతేంటి అలా ఉంది?"

"నా గొంతుకేమైంది?"

"తాగినదానిలా ముద్దముద్దగా మాట్లాడుతున్నావు. పడుకుని ఎన్నాళ్ళయిందే?"

ఆమెకు ఒళ్ళు మండింది. అక్క కూడా వాళ్ళ పక్షమే అనుకుని ఫోన్ పెట్టేసింది.

ఋజువు కావాలి. ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు తాను ఖాయం చేసిన ప్రతి బుకింగునూ తెర మీదే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుంటుంది. తర్వాత ఎవడేం మార్చినా తన మాట తన జేబులోనే ఉంటుంది. అలా చేస్తున్నప్పుడు చాలా రోజుల తర్వాత ప్రాణం కుదుటపడింది. ఇంటికొచ్చి కూడా ఫొటోలు తిప్పి చూసుకునేది.

అనుకున్నదంతా అయింది. వారం తిరగకుండానే మందుల కంటైనరు ఒకటి రేవు గేటు దగ్గర ఆగిపోయింది. లోపల ఇంజెక్షన్ మందులు, బయట వెలుగుతున్న అంకె మైనస్ ఐదు. అక్కడ తనిఖీ చేసే మనిషి రెండూ చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. సరుకింకా గడ్డకట్టలేదు, హడావిడిగా వేరే పెట్టెలోకి మార్చారు. కానీ మందుల కంపెనీవాళ్ళు ఫోన్లో డైరెక్టరును దులిపి పారేశారు.

డైరెక్టరు ఆమెను పిలిచాడు. "ఏంటమ్మా ఇది? మందులకి మైనస్ ఏంటి?"

ఆమె అప్పటికే ఆ బుకింగు తెరిచి చూసింది. చివరిగా మార్చినవారి దగ్గర పిల్లి పేరు.

"నేను ప్లస్ ఐదే పెట్టాను సార్. నా తర్వాత ఎవరో తెరిచి మార్చారు. ఎవరో కూడా కంప్యూటరులోనే ఉంది."

"ఊరికే అనేస్తే కాదు. ఒక మనిషి ఉద్యోగం సంగతి."

"నా దగ్గర ఫొటో ఉంది."

డైరెక్టరు ముఖం తేలికపడింది. తప్పు ఎవరిదో తేలిపోతే మందుల కంపెనీకి చెప్పుకోవడానికి ఒక పేరు దొరుకుతుంది. "రేపు పొద్దున అతన్ని కూడా కూర్చోబెడదాం. ఫొటో తీసుకురండి" అన్నాడు.

సీటుకొచ్చి ఆ ఫొటో వెతికి చూసింది. కంటైనరు నంబరు సరిగ్గా ఉంది, తేదీ ఉంది, ఐదు ఉంది. చాలనుకుంది.

మర్నాడు డైరెక్టరు గదిలో ముగ్గురే ఉన్నారు. పిల్లి కాలు కాలినట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తప్పు చేసినవాడి కళ్ళు అలాగే ఉంటాయి అనుకుందామె.

"ఈ బుకింగు మీరు తెరిచారా?" అని అడిగాడు డైరెక్టరు.

"తెరిచాను సార్."

"మార్చారా?"

"మార్చాను సార్."

"ఎందుకు?"

అతను ఆమె వంక ఒకసారి చూశాడు. చెప్పమంటారా అన్నట్టు చూశాడు. ఆమెకు ఆ చూపు బెదిరింపులా తోచింది.

"సార్, ముందు ఇది చూడండి" అని ఫోను తీసింది. డైరెక్టరుకు దగ్గర చూపు తక్కువ. ఆయనకు కనబడాలని ఫొటోను వేళ్ళతో పెద్దది చేసింది. అంకె తెరంతా నిండింది. ఐదు. దాని ముందు ఒక చిన్న అడ్డగీత.

ఏదో మరక అనుకుని బొటనవేలితో తుడిచింది. పోలేదు. ఇంకా పెద్దది చేసింది. గీత కూడా పెద్దదైంది.

బుకింగు ఖాయం చేసిన సాయంత్రం, ఇంకెవరూ ముట్టకముందు, తన చేత్తో తాను టైపు చేసి, తన చేత్తో తానే తీసిన ఫొటో. దాన్ని ఎన్నిసార్లు చూసింది! చూసిన ప్రతిసారీ తనకు కావలసింది కనబడింది.

డైరెక్టరు చెయ్యి చాపాడు. "ఇటివ్వండి."

ఒక్క క్షణం ఆమెకు దుర్బుద్ధి పుట్టింది. పొరపాటున చెరిగిపోయింది సార్ అంటే చాలు. కంప్యూటరులో ఉన్న పేరు అతనిది. మార్చానని తనే ఒప్పుకున్నాడు. ఇంకొకరి మాట ఎవరూ అడగరు.

పిల్లి తల వంచుకుని కూర్చున్నాడు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు, పొద్దున్నే చీకట్లో తొడుక్కున్నవాడిలా. ఎందుకో ఆమె చూపు అక్కడే ఆగింది.

ఫోను డైరెక్టరు చేతిలో పెట్టింది. "మైనస్ నేనే పెట్టాను సార్. ఈయన కాదు."

డైరెక్టరు ఫోనును ముఖానికి దూరంగా పట్టుకుని ఆ గీతను చూశాడు.

"మరి నువ్వేం మార్చావయ్యా?" అన్నాడు.

"రేవు పేరు తప్పు పడింది సార్, అది సరిచేశాను. మైనస్ నా కంటికీ ఆనలేదు. ఆ రోజు నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి."

"అంటే ఇంతకుముందు కూడా..."

"చాలా ఉన్నాయి సార్. మేడమ్‌కి నిద్ర లేదు. ఒకరోజు మీటింగులో కళ్ళు తెరిచే నిద్రపోయారు. మేమందరం చూశాం. ఆవిడ ఎప్పుడూ తప్పు చేసే మనిషి కాదు. పైకి తెలిస్తే మాట పడతారని పొద్దున్నే వచ్చి ఒకసారి చూసి పెడుతున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?" అంది ఆమె.

"చెప్పాను మేడమ్. మొదటిసారే చెప్పాను. నా బుకింగుల్లో తప్పులుండవని కేకలేశారు."

ఆమెకు అది గుర్తే లేదు. అన్నింటికన్నా ఎక్కువ భయం అప్పుడే వేసింది. చేసిన తప్పు సరే. తాను అన్న మాట కూడా గుర్తు లేకుండా పోయిందంటే ఇంకా ఏమేం పోయాయో!

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఆరోగ్యం చూసుకోవాలి కదమ్మా. ఎవరైనా వద్దన్నారా? కొన్నాళ్ళు సెలవు తీసుకోండి."

అప్పుడు మాట్లాడింది పిల్లే. ఆ చిన్న గొంతుతోనే. "సార్, మేడమ్ సెలవు పెడితే ఆ ముగ్గురి పనీ నా మీద పడుతుంది. అప్పుడు నా తప్పులు ఎవరు దిద్దుతారు సార్?"

డైరెక్టరు ఫోను తిరిగిచ్చేసి కిటికీ వైపు చూశాడు. "మాట్లాడదాం, పైవాళ్ళతో" అన్నాడు.

ఆ సాయంత్రం భర్త గుమ్మంలోనే కనిపెట్టాడు. "ఏమైంది?"

"మీరూ అతనూ ఫోన్లలో ఏం మాట్లాడుకుంటున్నారో తెలిసింది."

ఆయన వంటగది వైపు ఒక అడుగు వేశాడు. "గిన్నెలు తర్వాత సర్దుకోవచ్చు. ఇక్కడ కూర్చోండి" అంది.

కూర్చున్నాడు. "అతనే ముందు నాకు ఫోన్ చేశాడు. ఇంట్లో ఏదైనా ఇబ్బందా, మేడమ్ ఇలా ఉన్నారేంటి అని. నాకు సిగ్గేసింది. పక్కన పడుకునేవాడిని, నాకన్నా ముందు అతను కనిపెట్టాడు."

"నాకు చెప్పొద్దా? నా వెనక ఇద్దరూ కలిసి నన్నేదో పిచ్చిదాన్ని చూసుకున్నట్టు..."

"ఎన్నిసార్లు చెప్పాను? ఫోను బయట పెట్టి పడుకోమంటే, నా ఉద్యోగం మీకు చులకన అన్నావు. పాలిస్తే పారబోశావు."

"చూశారా?"

"సింకు తెల్లగా ఉంటే తెలీదా?"

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "అందులో ఏదో కలిపారనుకున్నాను" అంది.

"కలిపాను. పంచదార" అన్నాడాయన, ఉక్రోషంగా.

అయినా కోపం ఆమెకు పూర్తిగా పోలేదు. తన గురించి తనకు తెలియకుండా ఇద్దరు మాట్లాడుకున్నారన్నది ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఆ మాట ఆయనతో అనేసింది కూడా. ఆయన వాదించలేదు. ఇకమీదట ఏదున్నా ముఖం మీదే చెబుతానన్నాడు, తిట్టినా సరే.

సెలవు మొదలైన రోజుల్లో నిద్ర రాలేదు. పడుకుంటే ఏదో మరిచిపోయినట్టు ఉలిక్కిపడి లేచేది. డైరెక్టరు సెలవిచ్చింది ప్రేమతోనా, తన కుర్చీ ఖాళీ చేయించడానికా అని మంచం మీద దొర్లుతూ ఆలోచించేది. ఆఫీసు ఫోను బీరువాలో పెట్టి తాళం భర్తకిచ్చింది. ఒకటి రెండుసార్లు తాళం అడిగింది కూడా. ఆయన ఇవ్వలేదు. మెల్లగా ఒళ్ళు దారికొచ్చింది. ఒక రోజు పొద్దున పడుకున్నది పడుకున్నట్టే మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. లేచేసరికి ఆకలి వేసింది. ఆకలి అలా వేస్తుందని మరిచేపోయింది.

పిల్లి ఫోన్ చేసి చెప్పాడు, ఖాళీ కుర్చీల్లో ఒకదానికి మనిషి వస్తున్నాడట. రెండోదాని సంగతి ఎవరూ ఎత్తడం లేదట. ఆమె డైరెక్టరుకు తనే ఫోన్ చేసింది. రెండో మనిషి వస్తేనే తాను పాత కుర్చీలో కూర్చుంటానని, లేకపోతే వేరే శాఖ చూడమని చెప్పింది. ఆయన ఆలోచిస్తానన్నాడు. ఆ ఆలోచన ఎంతవరకు నమ్మొచ్చో ఆమెకు తెలియదు. నమ్మి కూర్చోలేదు కూడా. వేరే కంపెనీలో పనిచేసే స్నేహితురాలికి ఒక మాట చెప్పి ఉంచింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బెల్ మోగింది. తలుపు తీస్తే, చంకలో బిడ్డతో ఒక అమ్మాయి. ముఖం మాడ్చుకుని ఉంది. ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, ఆమె భుజం మీదుగా ఇంట్లోకి తొంగి చూసింది.

"మా ఆయన మీ ఆఫీసులోనే చేస్తాడు" అని పేరు చెప్పింది. పిల్లి పేరు.

"అయ్యో, లోపలికి రామ్మా."

అమ్మాయి గుమ్మంలోనే నిలబడింది. "నేను సూటిగా అడుగుతాను, మీరు సూటిగా చెప్పండి. తెల్లారకుండా లేచి వెళ్ళిపోతున్నాడు. ఎందుకని అడిగితే మేడమ్ పని అంటాడు. ఆదివారం కూడా మేడమ్ ఎలా ఉన్నారో అంటాడు. ఏంటి మేడమ్ ఇదంతా?"

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వుదామనుకుంది గానీ, ఎదురుగా ఉన్న కళ్ళ కింది నలుపు చూసి నవ్వలేకపోయింది. ఆ అనుమానం ఎలా పుడుతుందో, చీకట్లో ఎలా పెరుగుతుందో ఆమెకు బాగా తెలుసు.

"కూర్చో. అంతా చెబుతాను. దాచకుండా చెబుతాను."

చెప్పింది. తన తప్పులు, అతని దిద్దుబాట్లు, తాను అతని మీద వేసిన నింద, ఫొటో సంగతి, అన్నీ. అమ్మాయి ముందు నమ్మలేదు. మధ్యలో రెండు మూడుసార్లు అడ్డుపడి ప్రశ్నలు వేసింది. మెల్లగా బిగుసుకున్న భుజాలు దిగాయి.

"అంటే..." అంది చివరికి, "మీకు నిద్ర లేక మా ఆయనకి నిద్ర లేదు. ఆయనకి లేక నాకు లేదు. నాకు లేక వీడికి లేదు."

"అంతే."

"వీడు రాత్రంతా ఏడుస్తాడక్కా. పొద్దున ఒక గంటైనా ఆయన ఎత్తుకుంటాడంటే, ఆ వేళకి వెళ్ళిపోయేవాడు. నేను ఏమేమో అనుకున్నాను."

"నేను అంతకన్నా ఎక్కువ అనుకున్నానులే. ఉండు, టీ పెడతాను."

టీ కప్పులతో తిరిగొచ్చేసరికి అమ్మాయి సోఫా చేతి మీద తల వాల్చి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఒళ్ళో బిడ్డ మాత్రం కళ్ళింత చేసుకుని ఫ్యాను వంక చూస్తున్నాడు. ఆమె కప్పులు కింద పెట్టి, వాణ్ణి మెల్లగా తీసి భుజాన వేసుకుంది. వాడు ఆమె చెవి పట్టుకుని ఒకసారి లాగి, వదిలేశాడు. హాల్లో అటు చివర నుంచి ఇటు చివరకు నడవసాగింది.

బడి వదిలి వచ్చిన భర్త చెప్పులు విప్పుతూ, సోఫా మీది కొత్త మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరూ?" అన్నాడు.

"మెల్లగా" అంది ఆమె. "దుప్పటి తెచ్చి కప్పండి. తర్వాత చెబుతాను."